సీల చూశావా?

మా తాతయ్యకు ఎడ్లబండి ఉండేది. పలివెల నుంచి కొత్తపేట దాకా పోయి రావాలన్నా సరే, బండి కట్టేముందు రెండు చక్రాల దగ్గరా వంగి, ఇరుసు చివరనున్న సీలలను వేలితో కదిపి చూసేవాడట. "ఎద్దు మొరాయిస్తే ఇంటికి ఆలస్యంగా చేరతాం. సీల ఊడితే అసలు చేరం" అనేవాడట. కోడలుగా ఆ ఇంట అడుగుపెట్టిన నాటినుంచీ విన్నమాట గనుక మా అమ్మ దీన్ని ఇప్పటికీ అప్పచెబుతుంది. మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్న నేను ఈ మాటను చాలాకాలం ముసలివాళ్ళ చాదస్తం కింద జమకట్టాను. ఆ జమ ఎలా చెల్లాకు వచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం.

నాన్నగారు బడిపంతులుగా రిటైరయ్యాక, చేతికొచ్చిన డబ్బులో పెద్ద భాగం పెట్టి ఏడుగురు కూర్చునే కొత్త ఎస్.యు.వి. కొన్నారు. ఏ కంపెనీదన్నది ఇక్కడ అప్రస్తుతం. ఊళ్ళో ఉమా కొప్పేశ్వరస్వామి గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చాం. నాలుగు నెలలు మహారాజులా తిరిగింది. "మావాడు మెకానికల్ లెండి, బండి సంగతి వాడు చూసుకుంటాడు" అని నాన్నగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. నేను కాదనలేదు.

ఆ వర్షాకాలం వెళ్ళాక మొదలైంది. స్పీడు బ్రేకరు దిగినప్పుడల్లా ముందు ఎడమచక్రం దగ్గర 'టక్' మని ఒక చప్పుడు. తర్వాత స్టీరింగు కొద్దిగా ఎడమకు లాగడం. మలుపు తిరిగాక తనంత తాను నిటారుకు రావలసిన స్టీరింగు, మొహమాటపడుతున్న చుట్టంలా సగంలో ఆగిపోవడం. అప్పటికి బండి పదివేల కిలోమీటర్లయినా తిరగలేదు.

సర్వీసు సెంటరుకు తీసుకువెళ్ళాం. సూపర్‌వైజరుగారు పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగి వచ్చారు. ఆరోజు చప్పుడు రాలేదు! మా ఊరి స్వామి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. రాజుగారికిచ్చిన ప్రసాదపు పూలలో వెంట్రుక కనబడితే, పూజారి భయపడి "స్వామికి కొప్పుందండి" అని అబద్ధమాడాడట. మర్నాడు రాజుగారు పరీక్షకు వస్తే, భక్తుణ్ణి కాపాడటానికి స్వామి నిజంగానే లింగం మీద కొప్పు చూపించాడట. అబద్ధమాడిన పూజారికి ఆ అదృష్టం పట్టింది. నిజం చెప్పిన నాకు పట్టలేదు. "ఈ మోడలుకి అలాగే ఉంటుందండి. పైగా మీ కోనసీమ రోడ్లు" అన్నారాయన.

రోడ్ల మాట అబద్ధమేమీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు కాలువలుగా చీలి పారే నేల మాది. నేల మెత్తన. గట్టు మీద వేసిన రోడ్డు ఏటా ఒక పక్కకు కుంగుతుంది. మనం నడిచేది ఎడమపక్క కాబట్టి గోతులన్నీ ఎడమచక్రానికే మొదట దక్కుతాయి. నీళ్ళు జారడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా పోస్తారు గనుక, ఏ బండైనా అంచువైపుకు కాస్త జారుతుంది. ఇదంతా పుస్తకంలో ఉన్నదే. అందుకే నేను తలూపాను.

రెండోసారి, మూడోసారి కూడా వెళ్ళాం. వీల్ అలైన్‌మెంట్ చేసి కాగితం ఇచ్చారు. క్యాంబర్, క్యాస్టర్, టో అన్ని అంకెలూ పచ్చరంగులో ఉన్నాయి. పచ్చరంగంటే పాసయినట్టు. ఆ కాగితం నాన్నగారికి చూపించి, "ఏమీ లేదండి, రోడ్డు వాలు, అంతే" అని క్యాస్టర్ కోణం గురించి పదినిమిషాలు ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విన్నారు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, కొడుకు చెప్పే పాఠం నమ్మారు.

ఇక ఇంట్లో అందరం ఆ లోపానికి అలవాటు పడిపోయాం. 'టక్' మన్నప్పుడు ఎవరూ తల తిప్పేవారు కాదు. ఆ రోజుల్లోనే నాన్నగారికి కుడిభుజం నొప్పి పట్టుకుంది. రాత్రిళ్ళు అమ్మ అమృతాంజనం రాసేది. వయసు మీద పడుతోందనుకున్నాం.

మొన్న ఆషాఢంలో సెలవులకు వచ్చాను. అమ్మను రాజమండ్రి ఆసుపత్రిలో చూపించి, సాయంత్రం ముసురులో తిరిగి వస్తున్నాం. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి, రావులపాలెంలో పెద్దరోడ్డు వదిలి లోపలికి మళ్ళాం. నేనే తోలుతున్నాను. ఒకపక్క కాలువ, ఎదురుగా కొబ్బరికాయల లోడు లారీ. దారి ఇద్దామని బ్రేకు గట్టిగా తొక్కాను. అంతే, ఎవరో చెయ్యిపట్టి గుంజినట్టు బండి ఎడమకు, కాలువ వైపుకు పోయింది. స్టీరింగు కుడికి తిప్పుతున్నాను, అది రావడం లేదు. గట్టు అంచున ఒక కొబ్బరిచెట్టు మొదలుకు బంపరు ఆనుకుని ఆగింది. కిటికీలోంచి కిందకు చూస్తే మట్టి కనబడలేదు, నీళ్ళు కనబడ్డాయి.

లారీవాళ్ళు దిగివచ్చి బండిని వెనక్కి తోశారు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగాక అంది: "ఒరే, అది మొదట్నుంచీ ఎడమకే పోతోందిరా. మీ నాన్నగారు కుడిచేత్తో లాగి పట్టుకునే తోలుతున్నారు. నేను పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాను. నువ్వు కాగితం చూపించావని ఊరుకున్నాను."

భుజం నొప్పి అప్పుడర్థమైంది. నెలల తరబడి ఆ బండి జబ్బు మా నాన్నగారి భుజం మీద రాసి ఉంది. నేను దాన్ని చదవలేదు.

మర్నాడు రావులపాలెంలో ఒక పాతకాలపు మెకానిక్కు దగ్గరికి మెల్లగా తోలుకువెళ్ళాం. ఆయన బండి ముట్టుకోకుండానే మూడు ప్రశ్నలు వేశాడు. "బ్రేకేసినప్పుడు లాగుద్దాండి, వెయ్యకపోయినా లాగుద్దా? ఖాళీగానా, జనం ఉన్నప్పుడా? టైరు లోపలంచు అరిగిందా?" ఇన్ని నెలల్లో ఈ ప్రశ్నలు ఎవరూ అడగలేదు. నాకు తోచలేదు కూడా.

చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. తర్వాత పక్కల పట్టుకుని ఊపాడు. పైకిందల ఆడితే బాల్‌జాయింటు, పక్కలకు ఆడితే టైరాడ్ చివర అనుమానించాలట. రెండూ గట్టిగానే ఉన్నాయి. అప్పుడు లోయర్ ఆర్మ్ దగ్గర పెద్ద లీవరు పెట్టి ఒక్క ఒత్తు ఒత్తాడు. ఆర్మ్ వెనక్కి జరిగి మళ్ళీ వచ్చింది. 'టక్'!

"బుష్ చిరిగిపోయిందండి బాబూ. ఆయ్, ఇది రబ్బరు. బండి కదలకుండా నిలబెడితే బుద్ధిగానే ఉంటది. బ్రేకేత్తే చక్రం వెనక్కి పోద్ది. మీ మిషను నిలబెట్టి కొలుత్తది కదండీ, దానికేం తెలుత్తది?"

ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు 1940లలో రూపొందించిన స్ట్రట్ సస్పెన్షనే ఈనాటి చాలా కార్ల ముందుచక్రాలకు ఉంటుంది. దాని బొమ్మ నేను పరీక్షలో గీశాను, మంచి మార్కులే వచ్చాయి. ఆ బొమ్మలో బుష్ అంటే ఒక చిన్న సున్నా. కుదుపును మింగుతూనే చక్రాన్ని దాని స్థానంలో పట్టి ఉంచేది ఆ సున్నాయే. అది చిరిగితే చక్రం తన చోట నిలవదు, కోణాలన్నీ పరుగులోనే మారిపోతాయి. పైగా ఈనాటి స్టీరింగులకు విద్యుత్ మోటారు సాయం ఉంటుంది. ఆ సాయం వల్ల చేతికి హాయి, నిజమే. కాని చక్రం చెప్పదలచుకున్నది చేతిదాకా సగమే వస్తుంది.

ఆర్మ్ కదలడాన్ని సెల్‌ఫోనులో వీడియో తీశాను. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎంత వేగంలో, బ్రేకు వేస్తేనా వేయకపోతేనా, ఎందరు కూర్చుని ఉండగా ఏమైందో నాన్నగారూ, అమ్మా, నేనూ గుర్తుచేసుకుని ఒక కాగితం మీద వ్రాసుకున్నాం. రెండూ పట్టుకుని సర్వీసు సెంటరుకు వెళితే, ఈసారి ఎవరూ రోడ్డు మాట ఎత్తలేదు. వారంటీ కింద రెండువైపులా ఆర్ములు మార్చి, ఆ తర్వాత అలైన్‌మెంట్ చేశారు. మూడుసార్లు వెళ్ళిన మమ్మల్ని చూసి "ముందే వివరంగా చెప్పి ఉండవలసిందండీ" అన్నారు. నాన్నగారు నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం ఆ మాటలో కొంత న్యాయం కనబడింది. "ఏదో శబ్దం వస్తోంది" అనడం ఫిర్యాదే గాని సమాచారం కాదు.

మిత్రులకు ఇంకొక్క సంగతి. ఒకే రకం లోపం చాలా బండ్లలో ఉంటే వాటిని వెనక్కి పిలిపించే అధికారం, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ద్వారా ప్రభుత్వానికి వచ్చింది. 110-ఎ సెక్షన్ అది. కాని ఆ లోపం పలువురిదని తెలియాలంటే, ముందు ఒక్కొక్కరూ తమ బండి సంగతి వ్రాసి పెట్టాలి. మనలాగ అందరూ అలవాటు పడిపోతే చట్టం మాత్రం ఏం చేస్తుంది?

రేపు మనలో చాలామంది డిజైను బల్లల ముందో, సర్వీసు సెంటర్లలోనో కూర్చుంటాం. ఎవరైనా ముసలాయన వచ్చి "ఏదో తేడాగా ఉంది బాబూ" అంటే, మిషను ఇచ్చిన కాగితం ఆయనకు చూపించే ముందు ఆయన భుజం ఎలా ఉందో అడుగుదాం. నేను మా నాన్నగారిని అడగలేదు. ఆ కొబ్బరిచెట్టు అక్కడ లేకపోతే ఇక అడిగే అవసరమూ ఉండేది కాదు.

ఇప్పుడు నాన్నగారి భుజం నొప్పి తగ్గింది. అమృతాంజనం సీసా అలమారలో అలాగే ఉంది. నేను తాళంచెవి తీసుకుని బయలుదేరినప్పుడల్లా అమ్మ వంటింట్లోంచి కేకేస్తుంది: "సీల చూశావా?"

చూస్తున్నాను.