ఎర్ర టోపీల బొమ్మలు

మొన్న అటక మీద సామాను సర్దుతుంటే పాత హార్డ్ డిస్క్ ఒకటి దొరికింది. పనిచేస్తుందో లేదో అనుకుంటూనే కంప్యూటర్‌కి పెట్టాను. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా లేవలేదంటే నమ్మండి. మా నాలుగేళ్ల జపాన్ అంతా అందులోనే ఉంది.

మావారి ఉద్యోగం మూలంగా టోక్యోలోని నిషి కసాయ్‌లో ఉండేవాళ్లం. అక్కడ మనవాళ్లు చాలామందే ఉంటారు, కందిపప్పుకీ ఇంగువకీ లోటు లేదు. పగలు తోచకపోవడమే కష్టం. ఆయన సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి కొనిచ్చారు. భాష రాకపోయినా, కెమెరా చూపించి తల వంచి నవ్వితే చాలామంది సరేననేవారు.

మార్చి 3న హినమత్సురి. ఆడపిల్లలున్న ఇళ్లలో ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద బొమ్మలు పెడతారు. పైమెట్టు మీద రాజూ రాణీ. పూర్తి కొలువైతే 7 మెట్లు. ఫోటో పంపితే అమ్మ, "మన బొమ్మల కొలువే కదే!" అంది. పండగవగానే బొమ్మలు తీసేయాలట, లేకపోతే ఆ పిల్లకి పెళ్లి ఆలస్యమవుతుందట. అది విన్నాక అమ్మకి జపాన్ వాళ్లంటే గౌరవం పెరిగిపోయింది.

ఆ ఫోటోలన్నీ నవ్వుకుంటూ చూశాను. జోజోజి గుడి ఫోల్డర్ దగ్గర ఆగిపోయాను.

ఆ గుడి టోక్యో టవర్ దగ్గరే. అక్కడ చిన్న చిన్న రాతి విగ్రహాలు బారులు తీరి ఉంటాయి. జిజో అంటారు. తలకి ఎర్ర టోపీ, మెడలో ఎర్రగుడ్డ, పక్కన మన జాతరల్లో అమ్ముతారే, అలాంటి రంగుల గాలిమర. ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకుంటూ తీస్తూనే ఉన్నాను. ఒకావిడ వచ్చి ఒక విగ్రహానికి టోపీ సరిచేసి, చేతులు జోడించి నిలబడింది. ఆవిణ్ణీ వెనకనుంచి తీశాను. అడగలేదు. ఇంటికొచ్చి 'సో క్యూట్' అని రాసి చుట్టాలందరికీ పంపాను.

కిందింటి పెద్దావిడకి చూపిస్తే ఆవిడ నవ్వలేదు. డిక్షనరీ తీసి ఒక మాట మీద వేలు పెట్టింది. ఎదిగే పిల్లలు చల్లగా ఉండాలనే కాదు, పుట్టకముందే పోయిన పిల్లల కోసం కూడా పెడతారట వాటిని.

జపాన్ వెళ్లే ముందు ఏడాది నాకు అయిదో నెలలో పోయింది. ఇంట్లో ఎవరూ మళ్లీ ఆ మాటెత్తలేదు. "మర్చిపోమ్మా, మళ్లీ అవుతుంది" అన్నారు, ప్రేమగానే. పేరు పెట్టలేదు, ఒక దీపమైనా పెట్టలేదు. నేనూ మర్చిపోయాననే అనుకున్నాను.

మర్నాడు కెమెరా లేకుండా వెళ్లాను. గాలి వీస్తే అవన్నీ ఒక్కసారి తిరుగుతాయి, సన్నగా చప్పుడవుతుంది. చలికి ముక్కు కారుతోందనుకున్నాను ముందు. చాలాసేపు నిలబడి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఆవిడ ఫోటో ఒక్కటీ తీసేశాను. అప్పుడే మావారు వెనకనుంచి చూసి, "ఈ బొమ్మలేమిటి?" అన్నారు. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. కాసేపటికి, "అట్లతద్ది మర్నాడు కదూ" అన్నారు నెమ్మదిగా.

ఆయనకి గుర్తుందని నాకు తెలియదు.