గోడలోంచి దాటిపోయిన రాయి



పెద్దలు నేర్పాలి, పిల్లలు నేర్చుకోవాలి అనుకుంటాము. ఈ మధ్య మా ఇంట్లో ఇది తారుమారైంది. ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి దగ్గర, నలభై ఏడేళ్ల వయసులో మేము ఫిజిక్సు పాఠం చెప్పించుకున్నాము. అదీ కంప్యూటరు గేము మీద! అయితే ఆ సంగతికి ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మేముండేది డోర్నకల్ జంక్షన్‌కు దగ్గరలో. పాస్టరేటు లెక్కలు, ప్రసంగాలు టైపు చేసుకోవడానికి పాత కంప్యూటరు ఒకటి కొన్నాము. రాత్రి భోజనాలయ్యాక మా వాడు దాని ముందే కూర్చునేవాడు. తెర మీద ఉండేలు పట్టిన కుర్రవాడు, ఒక గోడ, గోడ అవతల మామిడిచెట్టు. చూసినప్పుడల్లా అదే బొమ్మ. ఇంతలో అర్ధ సంవత్సర పరీక్షలలో ఫిజిక్సు మార్కులు బాగా తగ్గాయి. ఆ ఆదివారమే ఆరాధన ముగిశాక సంఘపెద్ద ఒకాయన పక్కకు పిలిచి, "అయ్యగారూ, మీ ఇంట్లోనే పిల్లవాడు గేములాడుతుంటే మా పిల్లలకు మేమేం చెప్పుకోవాలి?" అన్నారు.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి రాగానే ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తీగలన్నీ పీకి, కంప్యూటరును బీరువాలో పెట్టి తాళం వేశాము. వాడు ఎదురు చెప్పలేదు. చెప్పినా బాగుండేది. మూడు వారాలు మాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఒక రోజు మా ఇంటివారు పక్కబట్టలు దులుపుతుంటే దిండు కింద ఒక నోటుపుస్తకం దొరికింది. "ఏవండీ, ఇది ఒకసారి చూడండి" అని తెచ్చి ఇచ్చారు. నిండా వంపు గీతలు, లెక్కలు. ఒక పేజీ పైన పెద్ద అక్షరాలతో, "రాయి గోడలోంచి ఎందుకు దాటిపోతోంది?" అని రాసి ఉంది. దాని కింద ఏడు జవాబులు రాసి, ఏడూ కొట్టివేశాడు. చివరి తేదీ మేము తాళం వేసిన ఆదివారానికి ముందు రోజు.

అంటే వాడు గేము ఆడడం లేదు, గేము తయారుచేస్తున్నాడు! ఆడడానికీ చేయడానికీ ఉన్న తేడా మాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ సాయంత్రమే కంప్యూటరు మళ్లీ బల్ల మీదికి వచ్చింది. "తప్పు మాదేరా. ఇదేమిటో మాకు కూడా నేర్పు" అన్నాము. వాడు కాసేపు మా ముఖం చూసి, కుర్చీ జరిపి చోటిచ్చాడు.

వాడు వాడే సాఫ్ట్‌వేరు పేరు గోడో. అర్జెంటీనా దేశస్థులు హువాన్ లినియెట్స్కీ, ఆరియల్ మంజూర్ దీన్ని తయారుచేశారు. 2014 నుండి ఇది అందరికీ ఉచితం. ఇందులో సెకనును 60 ముక్కలు చేస్తారు. ఒక్కొక్క ముక్కలో రాయి వేగాన్ని భూమ్యాకర్షణ కొంచెం మారుస్తుంది. ఆ వేగంతో రాయి కొంచెం జరుగుతుంది. భూమి మీద వేగం సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుందని బడిలో బట్టీ పట్టాము కదా. మీటరుకు 100 చుక్కల లెక్కన ఇక్కడ అది 980 చుక్కలు. మేము బట్టీ పట్టిన సూత్రం ఇలా తెర మీద వంపు తిరిగి పడుతుందని ఈ వయసులో చూశాము.

మరి రాయి గోడలోంచి ఎలా పోయింది? ఉండేలు రాయి సెకనుకు 1200 చుక్కల వేగంతో పోతే, ఒక్కొక్క ముక్కలో 20 చుక్కలు దాటుతుంది. గోడ మందం 8 చుక్కలే, రాయి వెడల్పు 6. ఒక ముక్కలో రాయి గోడకు ఇవతల, మరుసటి ముక్కలో అవతల! మధ్యలో గోడను తాకిన క్షణమే కంప్యూటరుకు కనబడలేదు. మన స్టేషనులో కళ్లు మూసి తెరిచేలోగా ఎక్స్‌ప్రెస్ బండి ఇంజను ముందుకు పోయినట్టే.

"గోడ మందంగా కట్టరాదా?" అన్నాము. 1939లో ప్రతిష్ఠించిన మన కెథీడ్రల్‌ను రోజూ చూసేవారికి అంతకన్నా ఏం తోస్తుంది! వాడు నవ్వాడు. మూడు వారాల తరువాత మొదటి నవ్వు. "అదీ ఒక దారే డాడీ. ఇంకో దారి, రాయి వెళ్లే బాటంతా వెదికి చూడమని కంప్యూటరుకు చెప్పడం" అన్నాడు. రెండూ చేశాము. రాయి గోడకు తగిలి వెనక్కి వచ్చింది.

బంతి ఎంత ఎగరాలి అన్నది తరువాతి పాఠం. వరండాలో సిమెంటు గచ్చు మీద టెన్నిసు బంతిని మీటరు ఎత్తు నుండి వదిలాము. మా ఇంటివారు కుట్టు మిషను టేపు పట్టుకున్నారు. బంతి సుమారు 55 సెంటీమీటర్లు లేచింది. 0.55కు వర్గమూలం 0.74. అంటే నేలను తాకిన వేగంలో 74 శాతం బంతికి మిగిలిందని వాడు వివరించాడు. వేగం సగమైతే ఎత్తు సగం కాదు, పావే అవుతుందట. మాకిది కొత్త.

ఇక రాయి తగిలినచోట దుమ్ము లేవాలి. అది దుమ్ము బొమ్మ కాదు. చిన్న చిన్న చుక్కలు, ఒక్కొక్కదానికి పుట్టుక, వేగం, రంగు, అరసెకను ఆయుస్సు. విలియం రీవ్స్ అనే ఆయన 1982లో ఒక హాలీవుడ్ చిత్రంలో గ్రహమంతా మంటలు పాకడాన్ని ఇలాగే చూపించి, మరుసటి సంవత్సరం ఆ పద్ధతిని ప్రకటించారు. సినిమా మాట ఎత్తినందుకు మన్నించండి గాని, 2012లో వచ్చిన తెలుగు 'ఈగ' స్పెషల్ ఎఫెక్టులకు మకుట సంస్థకు జాతీయ పురస్కారం వచ్చింది. మనవాళ్లకూ చేతనైన విద్యే ఇది. మా వాడు మొదట ఆశకొద్దీ రెండు వేల చుక్కలు పెట్టాడు. పాత కంప్యూటరు ఆగిపోయింది. నలభైకి తగ్గించాక దుమ్ము దుమ్ములాగే కనబడింది.

వాడికి వార్షిక పరీక్షలు ఇంకా ముందున్నాయి. మార్కులు ఎలా వస్తాయో మేము చెప్పలేము. చదువు ముగిశాక రోజుకు గంట, అంతకు మించకూడదు అన్నది ఇద్దరం కలిసి పెట్టుకున్న నియమం. గంటల తరబడి ఆటలో మునిగిపోయే పిల్లల విషయంలో మన భయం నిజమైనదే. అయితే మా వంటి తల్లిదండ్రులకు ఒక మనవి. బీరువా తాళం తీసుకునే ముందు పిల్లల పక్కన ఒక్క పావుగంట కూర్చోండి. "ఏం చేస్తున్నావు?" అని నెమ్మదిగా అడగండి.

మొన్న ఆ సంఘపెద్దగారే ఇంటికి వచ్చి, కళ్లజోడు సవరించుకుని ఒక రాయి విసిరారు. మామిడికాయ పడలేదు గాని దుమ్ము లేచింది. "బాబూ, ఇంకొకసారి" అన్నారు.

నోటుపుస్తకంలో ఆ పేజీ ఇప్పటికీ ఉంది. ఎనిమిదవ జవాబును మా వాడు కొట్టివేయలేదు.