పోచారం నుండి పోచారానికి

ఉప్పల్ దాటాక వచ్చే మా పోచారం నుండి మెదక్ వైపున్న పోచారం అభయారణ్యానికి వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. వీపున మూటతో, ఇద్దరు శిష్యులు తోడుగా కాలినడకన బయలుదేరాము. ఊరి పొలిమేర దాటాకే ఖస్ర్ నమాజు అని ఏళ్లుగా బోధించాము. ఇళ్ల వరుస తెగక ఆ పొలిమేరను పోల్చుకోవడమే కష్టమైంది. మూడవనాటికి మడమలు బొబ్బలెక్కాయి. మూట మోస్తామన్న శిష్యులను వారించాము. ఐదవనాడు, అటవీశాఖ అనుమతితో నడిచిన అడవిబాటలో, మోకాలు మొరాయించింది. మౌనంగా మూట అందించాము. 1922లో పూర్తయిన చెరువు గట్టున రెండు రకాతుల జుహ్ర్ చేశాక మనసు మమ్మల్ని నిలదీసింది: ఖస్ర్‌ను దైవదానంగా స్వీకరించమని హదీసు చెప్పి, శిష్యుల చేయూతను నాలుగు రోజులు ఎందుకు తోసిపుచ్చాము? అదీ ఆయన దానమే కదా!