పాపం ఇంజెక్టర్‌ది కాదు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో కార్ల కరెంటు పని చేసే నా దగ్గరికి బండ్లు తిన్నగా రావు. ముందు రెండు మూడు గ్యారేజీలు తిరిగి, ఓనరు జేబు ఖాళీ అయ్యాక వస్తాయి. "ఇంజెక్టర్ మార్చిన్రన్నా, అయినా మిస్సింగ్ పోలే" అంటారు. ఎందుకు మార్చారని అడిగితే "స్కానర్ చూపించింది" అంటారు. ఇన్నేళ్లయినా ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

స్కానర్ పార్టు మార్చమని చెప్పదు. పి0203 అనే కోడు వచ్చిందంటే మూడో సిలిండర్ ఇంజెక్టర్ సర్క్యూట్‌లో తేడా ఉందని అర్థం. ఆ సర్క్యూట్‌లో ఫ్యూజు ఉంది, రిలే ఉంది, దారిలో కనెక్టర్లు ఉన్నాయి, ఇంజెక్టర్ లోపల కాయిల్ ఉంది, అక్కణ్ణుంచి కంప్యూటర్‌కి పోయే వైరు ఉంది, ఆ వైరును ఎర్త్‌కి కలిపి తీసే స్విచ్చి కంప్యూటర్‌లో ఉంది. తన పిన్ను దగ్గర ఉండాల్సిన వోల్టేజి లేదన్నంతవరకే కంప్యూటర్‌కి తెలుసు. ఒళ్లు కాలుతోందని థర్మామీటర్ చూపిస్తే పొట్ట కోసేస్తామా?

జగిత్యాల తమ్ముడొకడు అజ్మాన్‌లో పని చేస్తాడు. పాత సెడాన్, నాలుగు సిలిండర్లు. పొద్దున బాగానే స్టార్టవుతుంది. మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతుంది. ఒక గ్యారేజీలో ఆ పి0203 కోడే చూసి మూడో ఇంజెక్టర్ మార్చారు. ఇంకో గ్యారేజీలో నాలుగూ మార్చారు. ఒకసారి బిగించిన పార్టును షాపువాడు వెనక్కి తీసుకోడు. ఊళ్లో చెల్లెలి ఫీజుకు పంపాల్సిన డబ్బు ఆ డబ్బాల్లో పోయింది. ఆ మాట చెప్పేటప్పుడు కుర్రాడు నా మొహం చూడలేదు.

నాలుగు ఇంజెక్టర్ల రెసిస్టెన్స్ కొలిచాను. ఇలాంటి బండ్లలో మామూలుగా 12 నుంచి 16 ఓంల మధ్య ఉంటుంది. నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. రెండో దాన్నీ మూడో దాన్నీ అటూ ఇటూ మార్చి పెట్టాను. కోడు కదల్లేదు, మూడో దాని మీదే వచ్చింది. ఇంజెక్టర్‌కి క్లీన్ చిట్ ఇవ్వడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కీ ఆన్ చేసి మూడో ప్లగ్గులో సప్లై వైరు చూస్తే మీటర్ 12 వోల్టులు చూపించింది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, వైరింగ్ బాగుంది గనక కంప్యూటర్ పోయిందని తేల్చేస్తారు. మీటర్ లాగే కరెంటు దాదాపు సున్నా. వైరులో ఒక్క పోగు మిగిలినా అది 12 వోల్టులూ చూపిస్తుంది. ఇంజెక్టర్‌కి మాత్రం దాదాపు ఒక ఆంపియర్ కావాలి. అందుకే సప్లై వైపు చిన్న బల్బు పెట్టి లోడు మీద చూడాలి. బల్బు గుడ్డిగా వెలిగింది. దాన్ని అలాగే ఉంచి వైరింగ్ హార్నెస్‌ను అంగుళం అంగుళం కదుపుతూ పోతే ఒక కనెక్టర్ దగ్గర ఆరిపోయింది. విప్పితే పిన్నుకి పచ్చగా చిలుము.

2024 ఏప్రిల్ 16 వాన ఇక్కడివాళ్లెవరూ మరిచిపోరు. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్కరోజు లోపల 254.8 మిల్లీమీటర్లు పడింది. 1949లో రికార్డులు మొదలయ్యాక ఈ దేశంలో అంత వాన లేదు. షార్జాలో కొన్ని వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో ఈ కారూ ఉంది. ఎండబెట్టారు, సీట్లు కడిగారు, స్టార్టయింది, అందరూ సంతోషించారు. కనెక్టర్ లోపలి తడిని ఎవరూ చూడలేదు. ఇంజిన్ వేడెక్కే కొద్దీ ఆ చిలుము పట్టిన పిన్ను పట్టు వదిలేది, చల్లారితే మళ్లీ అంటుకునేది.

పాడైన పిన్ను తీసేసి కొత్తది వేశాను, సీలు మార్చాను. కోడు చెరిపాక మళ్లీ రాలేదు.

నా బాధ డబ్బు గురించే కాదు. మిస్సింగ్ బండిని నెలల తరబడి తోలుతుంటారు. చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటోందంటే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముప్పు ఉందని. సిలిండర్‌లో కాలాల్సిన పెట్రోలు అక్కడికి పోయి కాలుతుంది, దాని లోపలి తేనెతుట్టె లాంటి జాలీ కరిగిపోతుంది. ఇంకో రకం మరీ ప్రమాదం. ఇక్కడి ఎండకు, ఇంజిన్ సెగకు వైరు తొడుగు పెళుసై రాలి, కంప్యూటర్‌వైపు వైరు బాడీకి తగిలితే ఇంజెక్టర్ మూత పడదు. సిలిండర్ నిండా పెట్రోలు పోసి ఇంజిన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. ఆయిల్ స్టిక్కు తీస్తే పెట్రోలు వాసన కొడుతోందా? అయ్యా, దండం పెడతాను, ఆ బండి స్టార్ట్ చేయకండి. రికవరీ వ్యాన్ పిలవండి, ఆ ఖర్చు ఇంజిన్ ముందు ఎంత?

కొత్త డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లున్న వాళ్లు మరో మాట వినాలి. వాటిలో ఇంజెక్టర్‌ని తెరవడానికి కంప్యూటర్ 65 వోల్టుల దాకా పంపుతుంది. అక్కడ బల్బు పెట్టి చూడబోతే కంప్యూటర్ కాలిపోవచ్చు. ఆ పని ఆసిలోస్కోపు ఉన్నవాడి దగ్గరే చేయించండి.

ఆ తమ్ముడి బిల్లు వెనక నాలుగు ఇంజెక్టర్ల ఓంలు, లోడు మీద వోల్టేజి, చిలుము దొరికిన కనెక్టర్ ఎక్కడుందో రాసిచ్చాను. ఈ మధ్య అందరికీ అలాగే రాసిస్తున్నాను. రేపు ఏ గ్యారేజీకి పోయినా, పార్టు మార్చాలన్నవాణ్ని ముందు మీ రీడింగులు చూపించమని అడగమన్నాను.