వెలుగును దాచని కాగితము

మైపాడు నెల్లూరునకు తూర్పున సముద్రపుటొడ్డున నున్న గ్రామము. అచ్చట ఉప్పుగాలికి గడియలు త్రుప్పు పట్టును; అప్పడములు మెత్తబడును; పుస్తకముల అట్టలు వంకరలు తిరుగును. ఆ యూర ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె, బదిలీయై వెళ్ళుచున్న తన తెలుగు ఉపాధ్యాయురాలికి స్వయముగా ఒక శుభాకాంక్షల కార్డును చేసి ఇయ్యదలచెను.

దళసరి అట్టపై ఆమె సముద్రమును, పడవను, ఉదయసూర్యుని చిత్రించెను. దానిపై ట్రేసింగు కాగితమును కప్పి, ఆ కాగితముపై నాలుగు వాక్యములు అచ్చువేయవలెనని ఆమె కోరిక. అప్పుడు పైన అక్షరములు, వాని వెనుక మంచుతెర చాటున నున్నట్లు చిత్రము కనబడును. తండ్రి నెల్లూరునుండి ఐదు కాగితములు తెచ్చెను.

ఇంటనున్న సిరా ప్రింటరునుండి మొదటి కాగితము రాగానే ఆమె ఆత్రముతో పట్టుకొనెను. అక్షరములు వ్రేళ్ళకు అంటుకొనెను. రెండవది ఆరినదనుకొని మడచెను. అక్షరములు ఎదుటి మడతపై పడెను. మూడవది తేమకు చుట్టుకొని యంత్రమున చిక్కుకొనెను. ఇక రెండే మిగిలెను. మరుసటి రోజు గడిచినచో ఆ పై దినముననే వీడ్కోలు సభ. బాలిక కన్నీరు పెట్టుకొనెను.

ఆమె తాత పూర్వము అచ్చాపీసులో కంపోజిటరుగా పనిచేసినవాడు. ఆయన ఇట్లనెను: “తల్లీ! పకోడీల పొట్లము చూచితివి గదా. నూనె అంటిన చోట కాగితము ఏల వెలుగును రానిచ్చును? మామూలు కాగితమున నారపోగుల నడుమ గాలి నిండిన సందులుండును. వెలుగు వానిలో చెదరిపోవును. నూనె ఆ సందులను నింపగా వెలుగు అంతగా చెదరక సాగిపోవును. ఈ ట్రేసింగు కాగితమునకు గుజ్జును మిక్కిలి నలుగగొట్టి సందులే లేనట్లు చేయుదురు. సందులు లేనిచో సిరా ఎచ్చట ఇంకును? పైననే నిలిచి ఆరవలెను. మన యూర గాలియే తడి. కావున మరింతసేపు పట్టును.”

“అయితే ఇది మనవలన కాని పనియా, తాతయ్యా?”

“కాకేమి? గూడూరు ప్రాంతపు గనులలో దొరకు కాకిబంగారము, అనగా అభ్రకము, కూడ వెలుగును దాచనిదే. 19వ శతాబ్దమున తిరుచిరాపల్లి, పాట్నా, ముర్షీదాబాదు మొదలగు చోట్ల చిత్రకారులు పలుచని అభ్రకపు రేకులపై బొమ్మలు వ్రాసిరి. కొన్నింట ముఖము అడుగు పలకపై నుండును; దుస్తులు రేకులపై నుండును. రేకు మార్చినకొలది ఆ ముఖమే వేరొక మనిషిదగును. అభ్రకము రంగును పీల్చదు. వారికి కుదిరినది నీకు కుదరదా?”

మరునాడు పొద్దెక్కిన తరువాత, మూసిన సంచిలో భద్రపరచిన కాగితమును తీసి, సిరా తక్కువగా పడునట్లు యంత్రమును సవరించి, ఒక్కదానినే పెట్టిరి. తెలుగు అక్షరముల సుడులు, ఒత్తులు సిరాతో పూడిపోకుండ అక్షరములను పెద్దవిగా చేసిరి. నాలుగవ కాగితము చక్కగా వచ్చెను. బాలిక దానిని ముట్టక పళ్ళెములో పరచి, వంగి చదివెను. చదివి నివ్వెరపోయెను. “దన్యవాదములు” అని పడినది!

తాత నవ్వలేదు. “అచ్చు పడకమునుపే ప్రూఫు చదువవలెను” అని మాత్రమనెను.

ఈమారు ఆమె మొదట మామూలు కాగితముపై అచ్చువేసి, మూడుసార్లు చదివెను. దానిని చిత్రముతో కలిపి కిటికీకి ఎదురుగా పట్టి, అక్షరములు పడవపై పడకుండునట్లు చోటు సరిచూచెను. అటుపిమ్మట చివరి కాగితమును యంత్రమున పెట్టెను. తెల్లవారువరకు దానిని తాకలేదు. జిగురు రాచినచో మరక పైకి కనబడును గనుక, అంచున రెండు రంధ్రములు చేసి పట్టుదారముతో ముడివేసెను.

వీడ్కోలు సభలో ఉపాధ్యాయురాలు ఆ కార్డును వెలుగునకెత్తి చూచెను. అక్షరముల వెనుక సూర్యుడు మెరసెను. “ధన్యవాదములకు ఒత్తు మరువలేదే!” అని ఆమె మెచ్చుకొనెను. బాలిక తలవంచి చిరునవ్వు నవ్వెను. ఆ ఒత్తు విలువ ఆమెకును, తాతకును మాత్రమే తెలియును.