మైనస్ నూట ఇరవై ఏడు డిగ్రీలు

ధూల్‌పేట్ అనగానే మీకు వినాయకుడి విగ్రహాలు, సంక్రాంతి గాలిపటాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఓ పాము గుర్తొస్తుంది. కంగారు పడకండి, నాగుపాము కాదు. మన దేశవాళీ పాముల్ని ఇంట్లో పెట్టుకోడానికి 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. ఇది బాల్ పైథాన్ అనే ఆఫ్రికా జాతి. మా పిన్ని కొడుకు అక్కడ ఓ విగ్రహాలాయన ఇంటి మీద రేకుల గది అద్దెకి తీసుకుని పెంచుతున్నాడు. (2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాడు లెండి. ఆ కాగితం చూశాకే నేను లోపల అడుగుపెట్టా.)

పాము తన ఒంట్లో తను వేడి పుట్టించుకోలేదు. పెట్టెలో ఓ మూల 31, 32 డిగ్రీలు, రెండో మూల 26 దాకా ఉంచితే, ఎక్కడ కావాలో అదే చూసుకుంటుంది. డిసెంబర్లో రేకుల గది చల్లబడుతుంది కాబట్టి మావాడు పెట్టె అడుగున హీట్ మ్యాట్ పెట్టాడు. అద్దానికి గుండ్రటి ముల్లు థర్మామీటరొకటి అంటించి "ముప్పై ఉందన్నా, ఓకే కదా" అన్నాడు. అది చూపించేది అద్దం వేడి. పాము పడుకునేది కొబ్బరిపొట్టు మీద. దాన్ని పక్కకి తోసి నేల మీద వైరు సెన్సరు పెడితే 46 వచ్చింది!

ఇక్కడో చిత్రం. ఈ పాము పెదవుల దగ్గర వేడిని పసిగట్టే గుంటలుంటాయి, చిమ్మచీకట్లో కూడా ఎలక ఎక్కడుందో తెలిసిపోతుంది. అదే పాము, పొట్ట కింద నేల కాలుతున్నా లేచిపోకుండా అలాగే పడుకుని కాల్చుకుంటుంది.

సరే, ఇంజనీరన్నయ్యని కదా, రంగంలోకి దిగాను. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి డీఎస్18బీ20 సెన్సరు, ఓ రిలే, వైఫై ఉన్న చిన్న బోర్డు కొన్నా. ఆ సెన్సరు తేడా అర డిగ్రీకి మించదు. కోడు పది లైన్లు. 31 కన్నా తక్కువైతే ఆన్, 32 దాటితే ఆఫ్. మూడు వారాలు గ్రాఫు చూసుకుని మురిసిపోయాను.

ఓ పొద్దున్నే ఫోను. "అన్నా, దీని పొట్ట ఎర్రగా ఉంది."

లాగ్ తెరిచా. రాత్రి ఒకటీ నలభై నుంచి ఒకటే అంకె, మైనస్ 127. పాము కదిలినప్పుడు సెన్సరు వైరు ఊడింది. ఊడితే నేను వాడిన లైబ్రరీ గొడవ చెయ్యదు, మర్యాదగా మైనస్ 127 అని చెప్తుంది. భూమ్మీద నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1983లో అంటార్కిటికాలోని వోస్టోక్‌లో, మైనస్ 89.2. ధూల్‌పేట్ దాన్నీ దాటేసింది, నా కోడుకి అనుమానమే రాలేదు! పాపం చలికి వణుకుతోందనుకుని తెల్లారేదాకా హీటరు వేసి ఉంచింది. ఆఫీసులో ఇలాంటి కోడు ఎవడైనా రాస్తే రివ్యూలో చీల్చి చెండాడేవాణ్ణి.

డాక్టరు మందు రాసిచ్చాడు. రెండు కుబుసాలు విడిచాక గానీ మచ్చ పోలేదు. అన్ని రోజులూ మావాడు నన్ను ఒక్క మాట అన్లేదు, అదే ఎక్కువ బాధగా ఉండింది.

ఇప్పుడు రీడింగు 10కి తక్కువైనా, 45కి ఎక్కువైనా హీటరు ఆగిపోతుంది. కరెంటు వచ్చిన మొదటి క్షణంలో ఇదే సెన్సరు 85 అని ఓ దొంగ అంకె కూడా ఇస్తుంది, దాన్నీ నమ్మను. రిలే అతుక్కుపోతే ఏ కోడూ కాపాడదు, అందుకని మ్యాట్‌కి వెళ్లే తీగలోనే 35కి తెగిపోయే మెకానికల్ థర్మోస్టాట్ ఒకటి. అసలన్నిటికన్నా మంచి పని, తక్కువ వాట్ల మ్యాట్ కొనడం. రాత్రంతా ఆన్‌లో ఉన్నా 36 దాటట్లేదు.

ఇంతా చేస్తే మే నెలొచ్చింది. మ్యాట్ పూర్తిగా ఆఫ్, గదిలో 39! వేడి చెయ్యడం వచ్చిన నా బాక్సుకి చల్లబరచడం రాదు. పుస్తకాల్లో జాగ్రత్తలన్నీ చలిదేశాల వాళ్లు రాసినవాయె. రేకుల మీద తడి గోనెసంచులు పరిచాం, గడ్డకట్టిన నీళ్ల సీసాలు పెట్టాం, గంటకే కరిగిపోయాయి. చివరికి ఇంటాయనే, "నీచే రఖో బేటా, గోదామ్ ఠండా హై" అన్నాడు. సెన్సరు పట్టుకెళ్లి చూశా, మిట్టమధ్యాహ్నం 29.

రంగులు పడని గణపతుల మధ్య పెట్టె పెట్టాం. పక్కన వాళ్లు భయపడరా అంటే ఆయన నవ్వి, విగ్రహం బొజ్జకి చుట్టిన పాముని చూపించాడు.