ఆక్టేను సంఖ్య

పెట్రోలునకు గల ఆక్టేను సంఖ్య దాని బలమును దెలుపునని మనలో ననేకులు నమ్ముచున్నారు. సంఖ్య హెచ్చినకొలది కారు వేగముగ బోవుననియు, ఇంజను చిరకాలము మన్నుననియు వారి తలంపు. మా బావగారు అద్దెకారు నడిపి కుటుంబమును పోషించుకొనువారు. ఒక బంకునందలి కుఱ్ఱవాడు చెప్పిన మాట నమ్మి, వారు ఆఱు మాసములు హెచ్చు వెలగల పెట్రోలునే పోయించిరి. లీటరునకు అదనముగ నిచ్చిన రూపాయలను నేను లెక్క వేసి చూపగా, అది వారి కుమార్తె పుస్తకములకును దుస్తులకును సరిపోవు సొమ్మని తేలినది. కావుననే యీ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయబూనితిని.

ఇంజనులోని సిలిండరునందు పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి చేరును. పిస్టను పైకి వచ్చి యా మిశ్రమమును అదిమివేయును. సరియైన క్షణమున స్పార్కు ప్లగ్గు రవ్వను బుట్టింపగా, మంట యొక కొననుండి మఱియొక కొనకు క్రమముగ వ్యాపించి పిస్టనును క్రిందికి నెట్టును. అయితే గాలి అదిమినకొలది వేడెక్కునని మన విద్యార్థు లెఱుగుదురు. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు దాని యడుగు వేడెక్కుట వారు చేతితో తాకి చూచినదే. అట్టి వేడిమికి, మంట తన్ను చేరకమునుపే, మూలనున్న మిశ్రమము తనంతట తానే భగ్గున నంటుకొనవచ్చును. అపుడు టకటకమను చప్పుడు పుట్టును. దీనినే డ్రైవర్లు నాకింగు అందురు. ఇది యెక్కువకాలము సాగినచో పిస్టను చెడిపోవును. ఈ తొందరపాటునకు లోబడక, మంట తన్ను చేరువఱకు వేచియుండు ఓర్పునే ఆక్టేను సంఖ్య కొలుచును. పెట్రోలులో నెంత శక్తి యున్నదో యది చెప్పదు.

ఈ కొలతను 1926లో అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు గ్రేహం ఎడ్గారు ప్రతిపాదించెను. మిక్కిలి సులభముగ నాకింగు గలిగించు హెప్టేనునకు సున్న యనియు, దాని కెదురు నిలుచు ఐసో ఆక్టేనునకు 100 అనియు పెట్టిరి. ఒక పెట్రోలు, 91 పాళ్లు ఐసో ఆక్టేనును 9 పాళ్లు హెప్టేనును గల మిశ్రమమువలె ప్రవర్తించినచో దాని సంఖ్య 91. పరీక్షలోని మార్కులవలె, హెచ్చు వచ్చినదే ఘనమను మాట యిందు లేదు. అమెరికాలో నున్న బంధువులు అక్కడి బంకులలో 87 అను సంఖ్యను చూచి, అది మన పెట్రోలుకంటె నాసియని తలచుట గలదు. అక్కడ రెండు పరీక్షల సగటును వ్రాయుదురు. మనము ఒక పరీక్ష ఫలితమునే వ్రాయుదుము. అక్కడి 87 ఇక్కడి 91కి ఇంచుమించు సమానము.

ఇక నే పెట్రోలు పోయింపవలెను? కారుతో నిచ్చిన పుస్తకమును తెఱచి చూడవలెను. కొన్ని కార్లకు పెట్రోలు మూత లోపలివైపునను వ్రాసియుందురు. మా బావగారి పుస్తకమున 91 అనియే యున్నది. మిశ్రమమును మిక్కిలి యదుము ఇంజనులకును, కొన్ని టర్బో ఇంజనులకును 95 గాని అంతకు హెచ్చు గాని కావలసియుండును. అట్టివానిలో తక్కువ సంఖ్యగల పెట్రోలు పోసినచో, నేటి కార్లలోని సాధనము నాకింగును కనిపెట్టి రవ్వను ఆలస్యము చేయును. ఇంజనునకు హాని చాలవఱకు తప్పును గాని, బలమును మైలేజియు తగ్గును. 91 చాలునన్న కారునకు 100 పోసినను అది రెక్కలు గట్టుకొని యెగురదు. హెచ్చు వెల పెట్రోలులో ఇంజనును శుభ్రపఱచు మందులు కలుపుటయు గలదు. అది వేఱు సంగతి.

ఈ సంఖ్యను పెంచుటకై లోకము చెల్లించిన వెల స్వల్పము గాదు. సీసముతో గూడిన యొక ద్రవమును కలిపినచో నాకింగు తగ్గునని 1921లో థామస్ మిడ్జిలీ కనిపెట్టెను. సీసము విషము, పిల్లల బుద్ధివికాసమునకు చెఱుపు. మన దేశము 2000లో కార్ల పెట్రోలున దానిని మానెను. కడపట అల్జీరియా 2021లో మానెను. ఆ పొగ పీల్చి పెరిగిన బిడ్డలను తలంచినపుడు, ఉపాధ్యాయుడనైన నాకు ఈ సంఖ్యపై గల గౌరవము కొంత సన్నగిల్లుచుండును.

ఇప్పుడా పనిని మన దేశమున ఇథనాలు చేయుచున్నది. 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్లు దానిని కలుపు స్థితి వచ్చినది. ఇథనాలు ఆక్టేను సంఖ్య 100కు మించినది. కాని లీటరునకు వెలువడు వేడిమి పెట్రోలులో ఇంచుమించు మూడింట రెండు పాళ్లే. సంఖ్య వేఱు, శక్తి వేఱు అనుటకు మఱియొక నిదర్శన మేల? దీనివలన సాధారణపు పెట్రోలు సంఖ్యయే 91 నుండి 95 దరిదాపునకు వచ్చినది. మైలేజి మాత్రము కొంత తగ్గును. ఇథనాలు కొన్ని రకముల రబ్బరును చెఱుచును గనుక, పాతకార్లు గలవారు పెట్రోలు గొట్టములను మెకానిక్కుచే పరీక్షింపజేసికొనుట మంచిది.